పెట్టెలో పడుకోని కడియాలు

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన మీరిప్పుడు డిజైను కంప్యూటర్‌లో గీస్తున్నారు. వస్తువు ఇంకా పుట్టకముందే దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి కొనేవాళ్లకి చూపిస్తున్నారు. వాళ్లు అవునన్నాకే పని మొదలుపెడుతున్నారు. నాకు కొంచెం అసూయగానే ఉంది, దాచుకోను. నలభై రెండేళ్లు చోడవరం బజారులో వెండి బంగారం పని చేశాను. మనిషి గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే వాళ్లకేం కావాలో నాకు తెలిసిపోతుందని నమ్మకం. వాళ్లు నోరు తెరిచి ‘నాకిలా కావాలి’ అనేలోపే ‘నాకు తెలుసులే’ అనేవాణ్ణి. నేను పోయాక దండేసిన ఫొటో కింద ఆ ముక్కే రాయిస్తానంటుంది మా ఆవిడ.

చాలాసార్లు నిజంగానే తెలిసేది కూడా, అదే వచ్చిన చిక్కు. పదిసార్లలో తొమ్మిదిసార్లు సరిగ్గా చేస్తే పదోసారి ఎవడి మాటా చెవికెక్కదు. ఆ పదోసారి సంగతే మీకు చెబుతాను.

ముందు నా జోడీ పనివాడి గురించి ఒక మాట. ముప్పై ఏళ్లు ఒకే చాప మీద నా పక్కన కూర్చున్నాడు. అతుకులు, మెరుగు అతనివి, మిగతాది నాది. ఉదయం వచ్చి కుంపటి రాజేసి ఏకంగా మధ్యాహ్నం అన్నం వేళకి నోరు విప్పేవాడు. తప్పు జరగబోతుంటే చూస్తూ కూర్చుని, జరిగాక మాత్రం చక్కగా వివరించి చెప్పేవాడు. దాని మీద మేమిద్దరం తిట్టుకోని వారం లేదు.

ఆ రోజు చక్కెర ఫ్యాక్టరీలో క్రషింగ్ మొదలైన కొత్త. చెరకు ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా ఆగిపోయి ఉంటే, వాటి సందులోంచి ఒక ఆటో వచ్చి మా కొట్టు ముందు ఆగింది. అందులోంచి ఒక ముసలావిడ దిగడానికే అయిదు నిమిషాలు పట్టింది. ముందు ఒక కాలు చేతుల్తో ఎత్తి కింద పెట్టుకుంది, తర్వాత రెండోది. వెనకే స్కూటీ మీద వచ్చిన మనవరాలు చెయ్యి ఇవ్వబోతే విదిలించేసింది. వడ్డాది అవతల పల్లె వాళ్లది. ఆవిడ మా నాన్న కాలం నుంచీ మా కొట్టు మనిషే. మా వైపు అక్కని అప్ప అంటాం, నేనూ ఆవిడని అలాగే పిలిచేవాణ్ణి.

చాప మీద కూలబడి చీర కాస్త పైకి లాగి కాళ్లు చూపించింది. రెండు కాళ్లకీ వెండి కడియాలు. కాళ్లు బాగా వాచిపోయి, కడియాలు మాంసంలోకి దిగబడి ఉన్నాయి. చుట్టూ చర్మం కమిలి నల్లబడింది.

“రేపు పొద్దున్న విశాపట్నంలో మోకాలి ఆపరేషను తాతా,” అంది మనవరాలు. “ఇయ్యి కాళ్లకుంటే ముట్టుకోననీసేడు డాక్టరు. ఆల్రెడీ రెండుసార్లు డేట్ మార్చేం. మామ్మ కొయ్యనివ్వదు.”

“కొయ్యొద్దని ఎవలన్నారే?” అని కసిరింది ముసలావిడ. “కోసినరోజే నీ కాళ్లకి ఎక్కాలన్నాను. అంతే కదా!”

సంగతేమిటంటే ఆ ఇంట్లో కడియాలు చేతులు మారవు, కాళ్లు మారతాయి. అత్తగారి కాళ్లనుంచి కోడలి కాళ్లకి అదే రోజు ఎక్కాలి. ఒక్క రాత్రి కూడా పెట్టెలో పడుకోకూడదు. ఈవిడ కొత్తకోడలుగా వచ్చినప్పుడు అత్తగారే మా నాన్నని ఇంటికి పిలిపించి, తన కాళ్లకి ఆముదం రాయించుకుని, బక్క కాళ్లు కాబట్టి కడియాలు మడమ మీదుగా జార్పించి, పీట మీద కూర్చున్న ఈవిడ కాళ్లకి తొడిగించింది. అరవై ఏళ్లు దాటింది. అప్పటినుంచి అవి ఆ కాళ్లు దిగలేదు.

“పెట్టెలో పెడితే ఏటవుతాదప్పా?” అని అడిగాను.

“పెట్టెలో ఉన్నదాని మీదికి మగోళ్ల సూపు పోతాది బాబూ. పంటకో, బోరుకో అని ఎట్టుకుపోతారు. కాలికున్నదాన్ని ఎవుడూ అడగడు. మా అత్త తెలివిగల్ది.”

ఆవిడకి కోడలు లేదు. ఉన్నది కూతురి కూతురు, ఈ గుంటే. ఆవిడ పెంచిన పిల్ల. ఈ పిల్ల కాళ్లకి అవి ఎక్కడం తన కళ్లతో చూస్తేగాని ఆపరేషన్ బల్ల ఎక్కనని పట్టు. మత్తిచ్చాక తిరిగి లేస్తానో లేదో అన్న భయం ఆవిడకి ఉంది. పైకి అనలేదు గాని, మాటిమాటికీ మనవరాలి మొహంలోకి చూడటంలో నాకు తెలిసింది. ఈసారి కూడా డేట్ తప్పితే డాక్టరు ఇంక పిలవడు, ఆ కాళ్లతో ఆవిడ మంచం దిగదు. అదీ నా ముందున్న పని. సూర్యుడు దిగేలోపు పాత కడియాలు తీసి, ఈ కాలప్పిల్ల వేసుకోగలిగే వస్తువు చేసి, దాని కాళ్లకి ఎక్కించాలి.

మనవరాలు ఏదో చెప్పబోయింది. “తాతా, నాకయితే ఎలాగుండాలంటే...”

“నాకు తెలుసులే అమ్మా,” అన్నాను.

“కాదు తాతా, నా పనికి...”

“నలభై ఏళ్లుగా ఆడపిల్లల కాళ్లకి చేస్తున్నాను. నువ్వు కూర్చో.”

అంతలో దానికి ఫోనొచ్చింది. రోలుగుంట వైపు ఎక్కడో ఆవు ఈనలేక అవస్థ పడుతోందట. ఆ పిల్ల పశువుల ఆసుపత్రిలో అసిస్టెంటు. సెలవు పెట్టినా ఫోనులు ఆగవు. “మామ్మా, మూడింటికల్లా వచ్చెస్తాను,” అని స్కూటీ తీసి వెళ్లిపోయింది. నా జోడీవాడు ఆ స్కూటీ వంక చూశాడు, నా వంక చూశాడు, మళ్లీ కుంపటి వైపు తిరిగాడు. అప్పుడైనా నేను వాణ్ణి అడగవలసింది.

వాచిన కాలి మీద కడియం కొయ్యడం చాలా జాగ్రత్తగా చెయ్యాల్సిన పని. చర్మానికీ వెండికీ మధ్య పలచటి తోలుముక్క దూర్చాను. సన్న రంపంతో నాలుగు లాగుళ్లు, ఆగడం, నీళ్లు. మళ్లీ నాలుగు లాగుళ్లు. జోడీవాడు పక్కన గిన్నెతో నీళ్లు పోస్తున్నాడు. ఆవిడ ఒక్క మూలుగు మూలగలేదు. నా నుదుటి మీద చెమట చూసి “నీకేటి బాబూ, కోత నాకు గాని,” అని నన్నే వెక్కిరించింది.

రంపం పైరేకు దాటగానే ఎర్రటి పొడి రాలింది, లక్క. అవి గట్టి వెండి కడియాలు కావు, లోపల లక్క పోసిన బోలు కడియాలు. ఆ రోజుల్లో అందరికీ తెలిసే అలా చేసేవారు. చేసింది మా నాన్న కాదు, అంతకుముందు వాళ్లెవరో. ఆవిడ మాత్రం ఆ పొడి వేళ్లతో తీసి చూసుకుంది.

“ఓలమ్మో! ఇన్నేళ్లూ నాను మోసింది లక్కేనేటి?”

నేను రంపం ఆపేశాను. ఒక్క క్షణం ఆగి ఆవిడ పకపకా నవ్వింది. “మా అత్త సెప్పనేదు సూడు! బరువుందని ఊరంతా గొప్పగా సెప్పుకున్నాను. అది నా నడక సూసి లోపల ఎంత నవ్వుకుందో!” ఆ నవ్వుకి జోడీవాడు కూడా నవ్వేశాడు. అన్నం వేళ కాకుండా వాడు పళ్లు చూపించడం అరుదు.

రెండు కడియాలూ వచ్చేశాక ఆవిడ కాళ్ల మీద రెండు తెల్లటి చారలు మిగిలాయి. అరవై ఏళ్లు ఎండ చూడని చర్మం. ఆవిడ గబుక్కున చీర కిందికి లాక్కుని కాళ్లు దాచేసుకుంది.

“ఎలాగుందప్పా?”

“కాళ్లు గాల్లోకి ఎగిరిపోతన్నట్టున్నాయి. బేగి కానీ బాబూ, బోసికాళ్లతో ఎంతసేపు కూకోను?”

కరిగించేటప్పుడు వస్తువు తెచ్చినవాళ్లు ఎదురుగా కూర్చోవడం మా పనిలో పాత రివాజు. సరుకు మారిపోకుండా చూసుకోవడానికి. ఆవిడ కదల్లేదు. మూసలో వెండి వేసి, బాగా కరగడానికి వెలిగారం చల్లి ఊదుతుంటే, అత్తగారి కబుర్లు మొదలుపెట్టింది. అత్తకి కోపమొస్తే మాట్లాడేది కాదట, కోడలి కడియాల చప్పుడు విని ఎక్కడుందో కనిపెట్టి అక్కడికొచ్చి కూర్చునేదట, అలాగే రెండ్రోజులు మాట్లాడకుండా. నేను వింటూ పని చేస్తూపోయాను. చేతులు హుషారుగా ఉన్నాయి. వెండి తీగ తీశాను, గొలుసు అల్లాను, సన్నటి మామిడిపిందెల వరస కుదిర్చాను, కొట్లో తయారుగా ఉన్న గజ్జెలు ఒక్కోదానికి పదకొండు వేలాడేశాను. జోడీవాడు అతికాడు, కుంకుడురసంతో బ్రష్ కొట్టాడు. మూడు దాటేసరికి చాప మీద రెండు పట్టీలు తళతళలాడుతున్నాయి. ఎత్తి ఊపితే కొట్టంతా మోగింది. మా ఆవిడ లోపల్నుంచి టీ తెచ్చి, “పెళ్లికూతురివిలాగున్నాయి,” అంది. నాకు గర్వంగా ఉంది. నిజంగా అందంగా చేశాను, ఈ రోజుకీ ఆ మాట వెనక్కి తీసుకోను.

మూడున్నరకి మనవరాలు వచ్చింది. మోకాళ్ల దాకా గమ్ బూట్లు, వాటినిండా బురద, మోచేతి పైదాకా మడిచిన చొక్కా. గుమ్మం బయటే బూట్లు విప్పి చేతులు కడుక్కుంది. “దూడ బతికింది మామ్మా,” అంటూ లోపలికొచ్చి పట్టీలు చూసి నిలబడిపోయింది.

“ఎలాగున్నాయే?” అంది ముసలావిడ ఆశగా.

“బావున్నాయి,” అంది ఆ పిల్ల. గొంతులో సంతోషం లేదు.

“పెట్టుకో మరి!”

“మామ్మా... ఇయ్యి బూట్లో పట్టవు. పట్టినా, గజ్జె మోగితే గేదె బెదురుతాది. వొకపాలి బెదిరి తన్నిందంటే నా పని అయిపోద్ది. నాను రోజూ పశువుల కాళ్లకాడే కదా ఉంటాను!”

“అయితే చేతికి గాజులు చేసిస్తాను,” అన్నాను.

“తాతా, ఈ సెయ్యి భుజం దాకా గేదె కడుపులో ఉంటాది. గాజులేటి?”

నాకు ఒళ్లు మండింది. ఆరుగంటల పని. “గజ్జెలు వద్దనే ఆడపిల్లని నేనెక్కడా చూళ్లేదు. పండక్కో పబ్బానికో పెట్టుకో, మిగతా రోజులు...” అని ఆగిపోయాను. మిగతా రోజులు అవి పెట్టెలో ఉంటాయి. ఆ మాట నా నోట్లోంచి పూర్తిగా రాకుండానే ముసలావిడకి అర్థమైంది. పట్టీలు తీసి, చేత్తో ఒకసారి నిమిరి, నా ముందు పెట్టింది.

“ఆటో పిలవే,” అంది మనవరాలితో. “ఇంటికెల్లిపోదాం. రేపు విశాపట్నం ఎల్లక్కర్లేదు. ఈ కాళ్లు ఇలాగే పోతాయి.”

కోపంగా అని ఉంటే నేనూ ఒక మాట అని సర్దుకునేవాణ్ణి. మామూలుగా, సంతకెళ్లక్కర్లేదన్నట్టు అంది. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. నెలల తరబడి ఆ ఆపరేషను కోసమే పరిగెడుతున్న పిల్ల. నాకు సిగ్గేసింది. నా పనితనం చూసుకుని మురిసిపోతూ, ఆ పట్టీలు ఎవరికి చేస్తున్నానో పొద్దుట్నుంచీ ఒక్కసారీ ఆలోచించలేదు.

అప్పుడు నా జోడీవాడు నోరు విప్పాడు. “ఆ గుంట స్కూటీకి పొద్దున్నే బూట్లు ఏలాడతన్నాయి. సూళ్లేదా నువ్వు?”

“నువ్వు చూశావా?”

“సూసేను.”

“మరి చెప్పొచ్చు కదరా దరిద్రుడా!”

“నీకు తెలుసునేమో అనుకున్నాను,” అన్నాడు చల్లగా. ముప్పై ఏళ్లుగా దాచుకున్న దెబ్బ అది.

నేను చేతులు తుడుచుకున్నాను. తర్వాత ఆ పిల్ల ముందుకి జరిగి కూర్చుని, నా వృత్తిలో ఎవర్నీ అడగని మాట అడిగాను. “నీకెలా కావాలమ్మా?”

అది కళ్లు తుడుచుకుని, సంచిలోంచి టీకాల రిజిస్టరు తీసి, వెనక అట్ట మీద పెన్నుతో గీసింది. గీయడానికేముంది, ఒక పట్టీ. బద్దలాగా, నున్నగా, వేలెడు వెడల్పు. చెక్కుడు లేదు, పింద లేదు, గజ్జె లేదు. చివర ఒక కొక్కెం.

“కొక్కెమా?” అన్నాను. “గోనెసంచికి పెట్టినట్టుంటుంది. లోపల కనబడకుండా మర పెడతాను.”

“కొక్కేవే పెట్టు తాతా. వొక్క సెకనులో ఊడాల, వొక్క సెకనులో పడాల. రెండు కన్నాలు పెట్టు. వొకటి బిగువుకి, వొకటి బాగా వొదులుకి.”

“ఇది బెల్టా?”

ఆ పిల్ల నవ్వింది. నాకు తెలుసులే అన్న మాట గొంతు దాకా వచ్చి, ఆ రోజుకి వెనక్కి వెళ్లిపోయింది.

నాలుగింటికి పట్టీలు మళ్లీ మూసలో పడ్డాయి. నా మామిడిపిందెలు ఒక్కొక్కటే కరిగి ముద్దవడం చూడలేకపోయాను. చూపు తిప్పేసుకున్నాను. కడ్డీ పోశాం. రోలర్ మిషన్ హ్యాండిల్ జోడీవాడు తిప్పుతుంటే నేను కడ్డీ అందించాను. మిషన్లోంచి బయటికొచ్చిన ప్రతిసారీ కాస్త పలచబడుతోంది, మళ్లీ కాల్చడం, మళ్లీ తిప్పడం. ముసలావిడ ఆటో పిలవమన్న సంగతి మర్చిపోయి ముందుకి వంగి చూస్తోంది. బయట ఎండ గుమ్మం దాటి మెట్టు మీదికి దిగింది. ఆవిడ ఒక కన్ను వెండి మీదా, ఒక కన్ను ఎండ మీదా పెట్టుకుంది. అంచులు గుచ్చుకోకుండా ఆకురాయితో గుండ్రంగా రాశాను. చివరికి కొక్కేలు. నా చేత్తో నేను చేసిన వాటిలో అంత మోటు కొక్కేలు లేవు. నగిషీకి టైము లేదు.

మెట్టు మీద ఎండ ఇంకా చెయ్యెడు ఉండగా ఆ పిల్ల కాళ్లు చాపింది. ముసలావిడ పాక్కుంటూ దగ్గరికి జరిగి తనే పెట్టింది. బిగువు కన్నంలో ఒకటి, రెండోదీ అంతే. మోటు కొక్కెం కాబట్టి ఆవిడ ముసలి వేళ్లకి కూడా సులువుగా పడింది. తర్వాత ఆ రెండు కాళ్లూ తన ఒళ్లో పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది.

“అందంగా లేవప్పా, ఏమనుకోకు,” అన్నాను.

“దాని కాళ్లు అందంగున్నాయి కదా,” అంది. “పద గుంటా, ఆసుపత్రికి బట్టలు సద్దుకోవాల.”

ఆపరేషను బాగా జరిగిందని తర్వాత కబురు తెలిసింది. నేనూ మెల్లిగా పని తగ్గించేశాను. కళ్లు సహకరించడం మానేశాయి. జోడీవాడు కొడుకు దగ్గరికి అనకాపల్లి వెళ్లిపోయాడు, అక్కడ కూడా అన్నం వేళకే మాట్లాడుతున్నాడట.

ఎనిమిది తొమ్మిది నెలలు పోయాక ఒక మధ్యాహ్నం, కొట్టు తలుపు సగం మూసి కునుకు తీస్తుంటే బయట ఆటో ఆగింది. ముసలావిడ. ఒక్కతే దిగింది. చేతికర్ర ఉంది గాని దాని మీద బరువు వెయ్యడం లేదు. రెండు మెట్లూ ఎక్కి లోపలికొచ్చి, చాప మీద కూర్చోకుండా బల్ల మీద దర్జాగా కూర్చుంది.

“కొక్కేలు అరిగిపోనాయి బాబూ. నిలవటం నేదు. మార్చియ్యి.” అని కాళ్లు ముందుకి చాపింది.

ఆవిడ కాళ్లకే ఉన్నాయి! నేను చేసిన నున్నటి పట్టీలు రెండూ, వదులు కన్నంలో. చివరికి ఆ పిల్ల వేసుకోలేదన్నమాట. నా రెండో డిజైనూ నీళ్లపాలే. “అయితే గుంట తిరిగి ఇచ్చేసిందా?” అన్నాను.

“ఎవలు సెప్పేరు? సాయంత్రం ఒచ్చి ఎట్టుకుంటాది.”

అర్థం కాలేదు. ఆవిడ విసుక్కుంటూ చెప్పింది.

“ఎంత నున్నగున్నా బూట్లోపల ఒరుసుకుంటాది కదా. ఎనిమిది గంటలు బురదలో నిలబడాల మరి! అందుకని పొద్దున్న పనికెల్లీముందు ఇప్పీసి నా కాళ్లకి ఎడతాది. సాయంత్రం స్కూటీ దిగీసరికి నాను అరుగు మీద కాళ్లు సాపుకుని కూకుంటాను. వొంగి ఇప్పుకుని అది ఎట్టుకుంటాది. ఆ మిషతోటి నా మోకాలు నొక్కి వాపుందేమో సూసీసుకుంటాది, నాకు తెల్దనుకుంటాది. పెట్టెలో అయితే ఒక్క రోజూ పడుకోలేదు బాబూ, మా అత్త మీదొట్టు.”

నేను ఆ కొక్కెం చేతిలోకి తీసుకుని కళ్లద్దాలు సవరించుకున్నాను. పదేళ్లు వాడినట్టు అరిగి ఉంది. రోజుకి రెండుసార్లు. ఒక్క సెకనులో ఊడాలి, ఒక్క సెకనులో పడాలి. రెండు కన్నాలు, ఒకటి ఆ పిల్ల సన్నకాళ్లకి, రెండోది ఈవిడ వాపు కాళ్లకి. ఆ రోజు పొద్దున్న ఫోను రాకముందే ఆ పిల్ల ఇదంతా ఆలోచించి పెట్టుకుని, నాకు చెప్పబోయింది. నేను కూర్చోమన్నాను. నలభై రెండేళ్లలో నా కొట్లోంచి బయటికెళ్లిన అన్నిట్లోకీ మంచి వస్తువు అదే, దాని డిజైను నాది కాదు. ఈ సంగతి ఒప్పుకోవడానికే మీకు ఇదంతా చెప్పాను.

“పట్టీలు ఉంచి వెళ్లప్పా, రేపు...”

“రేపేటి! నీ పెట్టెలో మాత్రం పడుకుంటాయేటి? గుంట అయిదున్నరకి వచ్చెస్తాది. నాను కూకుంటాను, నువ్వు కానీ.”

మళ్లీ కుంపటి రాజేశాను. అదే నేను చేసిన ఆఖరి పని. కళ్లు కనబడక రెండుసార్లు వేలు కాల్చుకున్నాను, ఆవిడ రెండుసార్లూ నవ్వింది. పని మొదలుపెట్టబోతూ ఆగి ఆవిడనే అడిగాను.

“ఎలా చెయ్యమంటావప్పా? ఈసారి అరగని గట్టి ఉక్కు కొక్కెం పెట్టనా? ఇంక మళ్లీ రానక్కర్లేదు.”

ఆవిడ కాళ్లు ఆడిస్తూ కాసేపు ఆలోచించింది.

“వొద్దు. వెండే ఎట్టు,” అంది. “అరిగితే అరుగుద్ది. మళ్లీ వస్తాను. ఇప్పుడు నడుస్తన్నాను కదా.”